తలకు దెబ్బ తగిలాక మళ్లీ కారు నడపవచ్చా? ఆ సంగతి తేల్చి చెప్పే కేంద్రం గురించి

బ్రిటన్‌లో ఉంటూ, తలకు గట్టి దెబ్బ తగిలి, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరి, మిగతా పనులన్నీ ఒక దారికి వచ్చాక కారు తాళాల దగ్గర ఆగిపోయినవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఇక్కడ 'డ్రైవింగ్ మొబిలిటీ' అనే స్వచ్ఛంద సంస్థ పరిధిలో దేశమంతటా దాదాపు 20 కేంద్రాలు ఉన్నాయి. జబ్బు వల్లనో గాయం వల్లనో డ్రైవింగ్ ఆపినవారు మళ్లీ నడపగలరా లేదా అని పరీక్షించి చెప్పడం వాటి పని. నేను వెళ్లింది వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలోని ఒక కేంద్రానికి. దాని పేరు రాయడం లేదు. ఎవరికైనా ఇంటికి దగ్గరగా ఉన్నదే పనికొస్తుంది, పరీక్షించే పద్ధతి కూడా అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. నా మాట మొదటే చెబుతున్నాను: వెళ్లండి. వెళ్లకుండా స్టీరింగ్ ముందు కూర్చోకండి. ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెబుతాను.

నేను కమ్యూనిటీ నర్సును. ఆసుపత్రికి రాలేని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్లు మార్చడం, ఇన్సులిన్ ఇవ్వడం, మూత్రపు గొట్టాలు చూసుకోవడం నా పని. రోజంతా ఇంటి నుంచి ఇంటికి తిరగాలి. కారు లేకపోతే ఈ ఉద్యోగమే లేదు. ఒక రాత్రి ఇంట్లోనే మెట్ల మీద నుంచి పడ్డాను. మెదడు ముందు భాగంలో కుడివైపు కమిలి, దాని చుట్టూ కొద్దిగా రక్తం చేరింది. స్పృహను కొలిచే గ్లాస్గో స్కేలు మీద 15కు 11 వచ్చిందని తర్వాత నా కాగితాల్లో చదువుకున్నాను. 9 నుంచి 12 మధ్య ఉంటే మధ్యస్థ గాయం అంటారు. ఆపరేషన్ అవసరం రాలేదు, మూర్ఛ రాలేదు. పడిన తర్వాత కొన్ని రోజులు మాత్రం నా జ్ఞాపకంలో లేవు. ఆసుపత్రి వాళ్లు ఆ రోజులను చాలా జాగ్రత్తగా లెక్క కట్టారు. జ్ఞాపకం లేని కాలం ఎంత ఎక్కువైతే గాయం అంత లోతైనదని భావిస్తారు, డ్రైవింగ్ నిర్ణయంలో కూడా ఆ లెక్కను చూస్తారు.

ఇక్కడి నియమాలు తెలియక ఇబ్బంది పడేవారు మనవాళ్లలో చాలామంది ఉన్నారు, అందుకే నాలుగు ముక్కలు. తలకు తీవ్రమైన గాయమైతే స్వాన్సీలోని డీవీఎల్ఏకు, అంటే లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థకు, మనమే తెలియజేయాలి. చెప్పకుండా దాచితే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు, ప్రమాదం జరిగితే కేసు కూడా పెట్టవచ్చు. బీమా కంపెనీకి కూడా చెప్పి తీరాలి. మామూలు కారు లైసెన్సు ఉన్నవారు నింపాల్సింది బీ1 అనే ఫారం. గాయం తీవ్రతను బట్టి సాధారణంగా 6 నుంచి 12 నెలలు నడపకుండా ఉండాల్సి వస్తుంది. మూర్ఛలు వచ్చినవారికి నియమాలు ఇంకా కఠినం.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. డీవీఎల్ఏ లైసెన్సును రద్దు చేసేదాకా చూడకుండా మనంతట మనమే అప్పగించడం మంచిది. అలా అప్పగించినవారు కోలుకున్నాక మళ్లీ దరఖాస్తు చేస్తే, డాక్టరు సరేనంటే, 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం 88వ సెక్షన్ కింద, ఆ దరఖాస్తు పరిశీలనలో ఉండగానే నడిపే వీలుంది. రద్దయిన వారికి ఆ వీలు లేదు. నాకు ఈ మాట చెప్పింది 'హెడ్‌వే' అనే సంస్థ సహాయ కేంద్రం. మెదడు గాయాల బాధితుల కోసం 1979 నుంచి పనిచేస్తున్న సంస్థ అది. డ్రైవింగ్ గురించి వాళ్ల దగ్గర ఒక చిన్న పుస్తకం కూడా ఉంది, అడిగి తీసుకోండి.

ఇక ఇంట్లో సంగతి. నాకు దెబ్బ తగిలిందని తెలిసి తెనాలి నుంచి అమ్మ సందర్శకుల వీసా మీద వచ్చింది. "ఇక నువ్వు కారు ముట్టుకోవద్దు తల్లీ, నా మీద ఒట్టు" అని రోజూ అనేది. మా ఆయనది రెండో పక్షం. "నీకేమైంది? మాట బాగుంది, నడక బాగుంది. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి, సూపర్‌మార్కెట్ దాకా నడుపు, భయం పోతుంది" అనేవారు. ఇద్దరూ నా మేలు కోరి అన్నవారే. అమ్మ భయం నుంచి మాట్లాడింది, ఆయన ఆశ నుంచి మాట్లాడారు. నేను నడపగలనా అన్న ప్రశ్నకు ఆ రెండిటిలోనూ జవాబు లేదు. మరి నన్ను నేను అడుగుదామంటే, మెదడు ముందు భాగం దెబ్బతిన్నవారికి తమలో ఏం తగ్గిందో తమకే తెలియకపోవచ్చు. నర్సుగా నేనే ఎందరి ఇళ్లలోనో ఈ సంగతి చూశాను. గ్యాస్ స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయి, "నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉంది" అని నిజాయితీగా చెప్పేవారు ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు అలాగే అనిపిస్తుంది. అందుకే నాకు కావాల్సింది మా ఇంటి మనిషి కాని మనిషి, నాతో బంధుత్వం లేని ఒక కొలత. ఈ కేంద్రం ఇచ్చేది అదే.

నన్ను అక్కడికి పంపింది డీవీఎల్ఏ. వాళ్లు పంపితే మనం రుసుము కట్టనక్కరలేదు. మనంతట మనం వెళితే కట్టాలి, ఎంత అనేది కేంద్రాన్ని బట్టి మారుతుంది. కుటుంబ డాక్టరు ద్వారా, ఆసుపత్రి పునరావాస విభాగం ద్వారా కూడా వెళ్లవచ్చు.

లోపల ఇద్దరు ఉంటారు. ఒకరు ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే జబ్బు పడినవారు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తోడ్పడే నిపుణురాలు, ఇంకొకరు ప్రభుత్వ గుర్తింపు ఉన్న డ్రైవింగ్ శిక్షకుడు. మొదటి గంటంతా థెరపిస్టుతోనే గడిచింది. ఆమె నా కాగితాలు ముందే చదివి కూర్చుంది. ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు గానీ, తల గాయమైనవారికి అదే కథను ప్రతి గదిలోనూ మళ్లీ మొదటి నుంచి చెప్పడం ఎంత అలసటో తెలుసు. ఆమె అడిగిన ప్రశ్నలు ఇంతవరకు ఏ డాక్టరూ అడగనివి. సాయంత్రం వంట చేస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే చేతిలో పని ఆగిపోతుందా? రద్దీగా ఉన్న దుకాణంలో ఎంతసేపు ఉండగలరు? మధ్యాహ్నం నిద్ర ఇంకా అవసరమవుతోందా? కోపం తొందరగా వస్తోందా? కారు నడిపేవారి పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఎదురుగా వచ్చే వాహనాలు దగ్గరగా వచ్చేస్తున్నట్టు అనిపిస్తోందా? ఆ చివరి ప్రశ్న వినగానే నాకు గొంతు పట్టేసింది. నాకు అలాగే అనిపించేది, దాన్ని వట్టి భయం అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కాగితం, పెన్సిలు పరీక్షలు. వీటి వివరాలన్నీ రాయను. ముందే ఇంట్లో సాధన చేసుకుని వెళితే కాగితం మీద నెగ్గుతారు, రోడ్డు మీద ఓడిపోతారు. స్థూలంగా చెప్పాలంటే, వాటిలో చూసేది తెలివితేటలను కాదు. చూపు పేజీ అంతటా, ముఖ్యంగా ఒక పక్కకు, సరిగ్గా తిరుగుతోందా, రెండు విషయాలను ఒకేసారి మనసులో పట్టి ఉంచగలరా, నియమం మారితే పాత అలవాటును వదిలి కొత్తదానికి మారగలరా, తొందరపడి జవాబిస్తారా అన్నవి చూస్తారు. తలకు గాయమైన కొందరికి కళ్లు బాగానే ఉన్నా ఎడమ పక్క ఉన్నది మనసుకు ఎక్కదు. పళ్లెంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేసి "తినేశాను" అంటారు. అలాంటివారు రోడ్డెక్కితే ఎడమ పక్క నుంచి వచ్చే సైకిలు వాళ్లకు లేనట్టే. ఇది ఇంట్లోవాళ్లకు సులభంగా దొరకదు, ఈ పరీక్షలు పట్టుకుంటాయి.

ఇక్కడే నాకు ఒక అభ్యంతరం ఉంది. అంకెలను, ఇంగ్లీషు అక్షరాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి గీతతో కలపాల్సిన పరీక్ష ఒకటి ఉంటుంది. సమయం కూడా లెక్కిస్తారు. నేను నర్సింగు చదివాను గనుక ఇబ్బంది లేదు. కానీ పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇక్కడ గోదాములోనో వంటగదిలోనో పనిచేసే మనిషికి ఇంగ్లీషు అక్షరాల వరుస అంత చురుగ్గా రాదు. ఆ ఆలస్యం మెదడు గాయం వల్ల వచ్చింది కాదు. ఈ మాట థెరపిస్టుతో అన్నాను. ఆమె కొట్టిపారేయలేదు. అలాంటివారు ముందే చెబితే అక్షరాలు అవసరం లేని వేరే పరీక్షలకు ఎక్కువ బరువు ఇస్తామని, దుభాషిని కూడా ఏర్పాటు చేయగలమని చెప్పింది. అయితే ఈ సంగతి వాళ్లు పంపే ఉత్తరంలో ఎక్కడా లేదు. అర మార్కులో సగం దీనికే తగ్గించాను. మీకు ఇంగ్లీషు ఇబ్బంది అయితే ఫోను చేసినప్పుడే చెప్పండి.

కళ్ల పరీక్ష త్వరగా అయిపోయింది. 20 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవాలి. చూపు అడ్డంగా కనీసం 120 డిగ్రీల మేర కనిపించాలన్నది నియమం, దాన్ని నాకు అంతకుముందే కళ్ల డాక్టరు దగ్గర కొలిచారు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఆ తర్వాతి గది. అక్కడ కదలని కారు ఉంటుంది. సీటు, స్టీరింగ్, పెడళ్లు, ఎదురుగా ఒక దీపం. యాక్సిలరేటరు మీద పాదం ఉంచి కూర్చోవాలి. దీపం ఎర్రగా వెలగగానే బ్రేకు తొక్కాలి. పాదం ఎంతసేపట్లో కదిలింది, బ్రేకును ఎంత బలంగా నొక్కింది అన్నవి తెర మీద అంకెలుగా వస్తాయి. మొదట మౌనంగా చేయించారు. నా అంకెలు బాగున్నాయి. తర్వాత థెరపిస్టు మాట కలిపింది. మీ ఊరు ఏది, అక్కడ ఏ పంటలు పండుతాయి అని అడిగింది. నేను తెనాలి చుట్టుపక్కల వరి, అరటి, పసుపు అని చెబుతున్నాను. దీపం వెలిగింది. పాదం కదిలింది. తెర మీద అంకె పెరిగింది. నాకు అస్సలు తేడా తెలియలేదు. మునుపటి అంత వేగంగానే తొక్కానని ప్రమాణం చేసి చెప్పగలిగేదాన్ని.

ఆమె నన్ను భయపెట్టకుండా లెక్క వివరించింది. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్ ప్రకారం గంటకు 30 మైళ్ల వేగంలో వెళ్తున్న కారు ఆగడానికి 23 మీటర్లు కావాలి. అందులో 9 మీటర్లు బ్రేకు తొక్కాలని మెదడు గ్రహించి, పాదం కదిలేలోపే గడిచిపోతాయి. ఆ గ్రహింపు ఇంకో అర సెకను ఆలస్యమైతే ఇంకో ఆరేడు మీటర్లు ముందుకు పోతాం. నా ఆలస్యం అంత పెద్దది కాదు, సాధారణ మనుషులకు కూడా మాట్లాడుతుంటే కొంత పెరుగుతుంది. కానీ నాకు ఎంత పెరుగుతుందో కాగితం మీద కనిపించింది. నర్సుగా నేను రక్తపోటును, చక్కెరను అంకెల్లో చూసి నమ్మే మనిషిని. నా శ్రద్ధ తగ్గడాన్ని అంకెగా చూడడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి కారులో నేను ఎవరితోనూ మాట్లాడను, ఫోను స్పీకరులో కూడా. మా ఆయనకు ఈ మాట ఇంటికి వచ్చి చెబితే ఆయన వాదించలేదు. అంకెకు ఉన్న మర్యాద అది.

కాస్త విరామం తర్వాత రోడ్డు మీదికి. కారు వాళ్లది, గేర్లు మార్చనవసరం లేని ఆటోమేటిక్. శిక్షకుడి వైపు కూడా బ్రేకు ఉంటుంది. థెరపిస్టు వెనక సీట్లో కూర్చుంటుంది. ఇది లైసెన్సు పరీక్ష కాదని, చిన్న చిన్న పాత అలవాట్లకు మార్కులు తగ్గించబోమని శిక్షకుడు మొదటే చెప్పారు. ముందు కేంద్రం ఆవరణలోనే రెండు చుట్లు, తర్వాత నిశ్శబ్దంగా ఉండే వీధులు, ఆ తర్వాత రౌండెబౌట్లు, రెండు వరుసల పెద్ద రోడ్డు. కొంతసేపు ఆయనే దారి చెప్పారు. ఆ తర్వాత "ఇక సూచిక బోర్డులు చూసుకుంటూ ఊరి మధ్యకు తీసుకెళ్లండి" అని ఊరుకున్నారు. తేడా అక్కడే వస్తుంది. ఒకరు చెప్పినట్టు తిప్పడం చేతుల పని. బోర్డు చదివి, వరుస ఎంచుకుని, అద్దం చూసి, వెనకవాడికి దారి ఇచ్చి, మళ్లీ తర్వాతి బోర్డు కోసం చూడడం మెదడు ముందు భాగం పని.

ఒక ఇళ్ల వీధిలో రెండు పక్కలా కార్లు ఆపి ఉన్నాయి, మధ్యలో ఒకే కారు పట్టే సందు. ఎదురుగా పార్సిళ్లు తెచ్చే వ్యాను వస్తోంది. ఎడమ పక్క రెండు కార్ల మధ్యలో ఒక చిన్న చక్రం కదిలినట్టు కనిపించింది. నేను కాలు తీసి ఆపేశాను. పిల్లవాడొకడు ఆట స్కూటరు తోసుకుంటూ బయటికి వచ్చాడు, వాడి వెనక తల్లి. శిక్షకుడి పాదం తన బ్రేకు దగ్గరికి వెళ్లలేదు. ఆ సంగతి నేను ఓరకంట గమనించాను. "చక్రం ఎప్పుడు చూశారు?" అని అడిగారు. చెప్పాను. రాసుకున్నారు. అంతే, పొగడ్త లేదు. నాకు అదే నచ్చింది.

మొత్తం ఒక గంట. చివరి పావుగంటలో నాకు ఏమీ తేడా అనిపించలేదు, కాస్త దాహం వేసిందంతే. తిరిగి వచ్చి కూర్చున్నాక వాళ్లిద్దరూ వేర్వేరుగా రాసుకున్నవి పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే మాట: చివరి భాగంలో ఎడమ అద్దం చూడడం తగ్గింది, వేగం చుట్టుపక్కల వాహనాల కన్నా నెమ్మదిగా పడిపోయింది. ప్రమాదకరమైనదేదీ జరగలేదు. కానీ అది అలసట. మెదడు గాయమైనవారిలో అలసట ఎప్పుడూ నిద్రమత్తులాగే రాదు. నా విషయంలో చూసే పరిధి పక్కల నుంచి కుంచించుకుపోతూ వచ్చింది. వాళ్లు ఇచ్చిన సిఫారసు ఇది: నడపవచ్చు. ఆటోమేటిక్ కారు వాడాలి. మొదట్లో అరగంటకు మించి ఏకబిగిన నడపకూడదు. రాత్రి డ్యూటీ చేసిన తర్వాత నడపకూడదు. అనుభవం ఉన్న శిక్షకుడి దగ్గర కొన్ని పాఠాలు తీసుకోవాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి, లైసెన్సుపై తుది నిర్ణయం కేంద్రానిది కాదు, డీవీఎల్ఏదే. కేంద్రం నివేదిక పంపుతుంది. ఆ రోజే ఎవరూ మీ చేతికి లైసెన్సు ఇవ్వరు.

నివేదిక నాలుగు పేజీలు. పని ఇచ్చే మా అధికారికి చూపిస్తే, నా ఇళ్ల జాబితాను ఉదయం పూటకు, దగ్గర దగ్గర వీధులకు మార్చి ఇచ్చారు. వట్టి మాటగా "నాకు త్వరగా అలసట వస్తోంది" అని అడిగి ఉంటే ఎంతవరకు జరిగేదో నాకు సందేహమే.

తగ్గించిన ఆ రెండో పావు మార్కు ఎందుకో చెబుతాను. కేంద్రం ఊరి చివర పారిశ్రామిక వాడలో ఉంది, బస్సు దిగి చాలా దూరం నడవాలి. వచ్చేవాళ్లందరూ కారు నడపని వాళ్లే కదా. ఎదురుచూసే గదిలో తీవ్రమైన తెల్ల దీపాలు, పైన మోగుతూ ఉండే టీవీ. తల గాయమైనవారికి వెలుతురు, శబ్దం ఎంత బాధపెడతాయో ఆ కేంద్రానికి తెలియనిది కాదు. లోపలికి వెళ్లేముందే నాకు తల బరువెక్కింది. టీవీ ఆపమని అడిగితే వెంటనే ఆపారు, అడగకముందే ఆపి ఉంచితే బాగుండేది. అభిప్రాయాల కాగితంలో ఇదే రాసి ఇచ్చాను.

పాఠాలు చెప్పిన శిక్షకుడు వేరే ఆయన, పక్షవాతం వచ్చినవారికి, తల గాయమైనవారికి నేర్పిన అనుభవం ఉన్నవారు. ఆయన పద్ధతిలో ఒకటి నాకు ఎంతో మేలు చేసింది. చూసినదాన్ని చూసినట్టు పైకి చెబుతూ నడపమన్నారు. ఇంగ్లీషులో చెప్పబోతే మాట వెతుక్కుంటూ రోడ్డు వదిలేస్తున్నానని ఆయనే గమనించి, "మీకు ఏ భాషలో తొందరగా వస్తే ఆ భాషలో చెప్పండి, నేను మీ కళ్లు చూస్తుంటాను" అన్నారు. ఇక తెలుగులో మొదలుపెట్టాను. "ఎడమ పక్క సైకిలు. ముందు బస్సు, ఆగబోతోంది. కుడివైపు తెల్ల కారు, లోపల మనిషి ఉన్నాడు, తలుపు తెరవచ్చు. అద్దం. వెనక ఎవరూ లేరు." ఆయనకు ఒక్క మాట అర్థం కాకపోయినా నా గొంతు ఎక్కడ ఆగుతోందో, కళ్లు ఎక్కడికి పోవడం లేదో పట్టుకునేవారు. మొదట బడి సమయాలు కాని వేళల్లో, తర్వాత బడి వదిలే వేళలో, చివరికి వానలో తిప్పారు. ఇప్పటికీ ఒంటరిగా నడిపేటప్పుడు రద్దీ ఎక్కువైతే నేను తెలుగులో పైకి చెప్పుకుంటాను.

మన ఊళ్లలో ఉన్నవారికి ఇది ఎలా ఉపయోగపడుతుందని అడుగుతారు. నా మనసులో ఉన్నది నిజానికి ఆ ప్రశ్నే. మా పెదనాన్న కొడుకు తెనాలి దగ్గర మోటారు సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కుట్లు విప్పిన వారానికే మళ్లీ బండెక్కాడు. ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ ప్రకారం, తన జబ్బు వల్లనో లోపం వల్లనో ఇతరులకు ప్రమాదమని తెలిసి కూడా వాహనం నడపడం నేరమే. లైసెన్సు కోసం నింపే ఫారం 1లో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం, 25 మీటర్ల నుంచి నంబరు ప్లేటు చదవడం, ఎరుపు ఆకుపచ్చ రంగులు, రేచీకటి గురించి అడుగుతారు. 40 ఏళ్లు దాటితే ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. కానీ శ్రద్ధ గురించి, తొందరపాటు గురించి, అలసట గురించి ఒక్క ప్రశ్న లేదు. 30 నుంచి 50 ఏళ్ల మధ్య తీసుకున్న లైసెన్సు పదేళ్లు నడుస్తుంది. ఆ పదేళ్ల మధ్యలో తల పగిలితే ఆ సంగతి అడగడానికి ఎవరూ తలుపు తట్టరు.

అయినా చేయదగినవి ఉన్నాయి. తలకు గాయమైన మనిషిని డిశ్చార్జి చేసేటప్పుడు "బండి ఎప్పటి నుంచి నడపవచ్చు?" అని మీరే అడగండి, జవాబును కాగితం మీద రాయించుకోండి. పెద్ద ఆసుపత్రుల్లో పునరావాస విభాగం ఉంటే అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టును, క్లినికల్ సైకాలజిస్టును కలవండి. నేను పైన చెప్పిన కాగితం, పెన్సిలు పరీక్షల వంటివి చేయగలిగినవారు వాళ్లే. మానసిక, నాడీ వ్యాధులకు పేరున్న జాతీయ ఆసుపత్రి అయిన బెంగళూరు నిమ్హాన్స్‌లో నాడీ పునరావాస విభాగం ఉంది, అక్కడ తయారైన న్యూరోసైకాలజీ పరీక్షలు, అంటే జ్ఞాపకం, శ్రద్ధ వంటివి కొలిచేవి, మన దేశపు మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇంగ్లీషు అక్షరాల గురించి నేను పైన చెప్పిన చిక్కు అలాంటి చోట తక్కువ. ఆ తర్వాత ఇంటి కారులో కాకుండా డ్రైవింగ్ స్కూలు కారులో, నేర్పేవారి వైపు కూడా బ్రేకు ఉన్నదానిలో మొదలుపెట్టండి. ద్విచక్ర వాహనానికి ఆ రెండో బ్రేకు లేదు. కాబట్టి బండికన్నా కారే ముందు. స్కూటరు చివరికి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇలాంటి కేంద్రం ఒక్కటైనా రావాలని నా కోరిక. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక గది, కదలని కారు ఒకటి, రెండు బ్రేకుల కారు ఒకటి, బంధుత్వం లేని ఇద్దరు మనుషులు చాలు.

ఇక్కడి కేంద్రానికి వెళ్లేవారికి చివరిగా కొన్ని సంగతులు. ఉదయం పూట సమయమే అడగండి, మధ్యాహ్నం మన అలసట మన ఫలితాన్ని మార్చేస్తుంది. కళ్లద్దాలు, మందుల జాబితా, డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. రోజూ వేసుకునే చెప్పులు కాదు, పాదాన్ని గట్టిగా పట్టుకునే బూట్లు వేసుకోండి. తోడు వచ్చినవారిని బయటి గదిలోనే కూర్చోబెడతారు. మా అమ్మ వచ్చినప్పుడు ఆమె వినేలా ఫలితాన్ని మళ్లీ ఒకసారి నెమ్మదిగా చెప్పమని థెరపిస్టును అడిగాను, నేను తెలుగులో చెబుతూ పోయాను. అమ్మ రెండు ప్రశ్నలు వేసింది: అరగంట దాటితే ఏమవుతుంది, రాత్రి డ్యూటీ తర్వాత ఎవరు తీసుకొస్తారు? రెండిటికీ జవాబు వచ్చాక ఒట్టు వెనక్కి తీసుకుంది. మీ ఇంట్లోనూ భయపడే మనిషి ఉంటే వెంట తీసుకెళ్లండి, ఫలితం చెప్పే వేళకు ఆ మనిషిని లోపలికి పిలిపించండి.